కుంకుమ భరిణె అడుగున

కిందటి నెల విశాఖపట్నంలో చేతిపనుల ప్రదర్శనకి వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది. అక్కడొక పెద్దమనిషి కాలితో తొక్కే మిషను పెట్టుకుని చెక్క తిప్పుతున్నాడు. చుట్టూ జనం ఫోన్లు ఎత్తిపట్టి వీడియోలు తీస్తున్నారు. అప్పడాల కర్ర తీశాడు, బొంగరం తీశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు కుంకుమ భరిణె చేస్తానని చెప్పి, చెక్కముక్కని మిషనుకి బిగించే సమయానికి మాత్రం మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. "ఇది మాత్రం చూపించమండీ, మా వంశ రహస్యం" అని నవ్వాడు. జనం కూడా ముచ్చటపడి నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో టీ సగంలోనే పారేసి బయటికొచ్చేశాను.

ఆయన మీద నాకు కోపమేమీ లేదు, ఆయనెవరో కూడా తెలియదు. నా కోపం ఆ వీపు మీద. చిన్నప్పుడు మా మావయ్య సరిగ్గా అలాగే వీపు పెట్టేవాడు. ఆ వీపుని భరించలేక మా నాన్న చేసిన రగడ, ఆ ఇద్దరి మధ్యా మా అమ్మ పడిన యాతన, బస్సులో ఇంటికొచ్చేదాకా నా కళ్ళముందే తిరిగాయి. జుట్టు నెరుస్తున్న వయసొచ్చినా ఇంకా చల్లారలేదంటే ఇది ఇక చల్లారే కోపం కాదు. అందుకే రాసి పారేస్తున్నాను.

మాది అనకాపల్లి పక్క పల్లె. ఎటు చూసినా చెరకే. గానుగ ఆడే రోజుల్లో ఊరంతా పాకం వాసన కమ్మేసేది. బయటి నుంచి వచ్చినవాళ్ళు ముక్కు ఎగబీల్చి ఎంత బాగుందో అనేవాళ్ళు. నేను మాత్రం ఆ వాసన తగిలితే ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను, ఎందుకంటే మా ఇళ్ళ మధ్య గొడవ జరిగింది ఆ రోజుల్లోనే. మా ఇంట్లో దానికి తోడు రబ్బరు సొల్యూషను, గ్రీసు వాసన. మా నాన్నది సైకిల్ రిపేరు షాపు. పక్క వీధిలో ఉన్న అమ్మమ్మగారింటికి వెళితే బొమ్మలు చేసే మెత్తటి అంకుడు కర్ర పొట్టు, కరిగిన లక్క వాసన.

అమ్మమ్మగారిది తరాలుగా చెక్క తిప్పే ఇల్లు. బొమ్మలు, లక్కపిడతలు, కుంకుమ భరిణెలు. పాతకాలంలో కర్రకి తాడు చుట్టి ఒకళ్ళు లాగుతుంటే ఇంకొకళ్ళు ఉలి పట్టేవాళ్ళట. ఉలి మగవాళ్ళది, తాడు ఆడవాళ్ళది. అమ్మమ్మ మా తాతయ్యకి తాడు లాగింది. అమ్మ కూడా పెళ్ళయ్యేదాకా తాడే లాగింది. ఆమె అరచేతుల్లో కాయలు నాకు గుర్తు, తలంటు పోసినప్పుడు గరగరమని తగిలేవి. తాతయ్య పోయాక అమ్మకి అన్న, అంటే మా మావయ్య, కరెంటు మోటారు పెట్టించాడు. దాంతో ఆ ఇంట్లో తాడు పోయింది, ఆడవాళ్ళకి చెక్క తిప్పే కొట్టంలో పని కూడా పోయింది.

నాన్నకి ఈ పని ఎవరూ నేర్పలేదు. ఆయనకి కంటపడిందల్లా తనూ చేసెయ్యాలని దురద. పాత కుట్టుమిషను కాళ్ళ చట్రం, దాని చక్రం, సైకిలు హబ్బు, ట్యూబు కోసి చేసిన బెల్టు, విరిగిన మంచం పట్టెలు, అన్నీ పోగేసి సొంతంగా ఒక మిషను నిలబెట్టాడు. హబ్బుకి మూడు మేకుల మొనలు, అవతలి కొసన ఒక మొనదేలిన బోల్టు. చెక్కని ఆ రెండింటి మధ్య ఇరికించి, బోల్టు బిగించి, కాలితో తొక్కితే గిర్రున తిరిగేది. ఆ రోజుల్లో కరెంటు ఉన్నంతసేపు ఉండేది, పోతే పోయేది. మావయ్య మోటారు ఆగిందంటే చాలు, నాన్న షాపు వదిలేసి పరుగున వచ్చి టకటకా తొక్కేవాడు. పనుండి కాదు, పక్క వీధికి వినబడాలని. మావయ్య తన గుమ్మంలో నిలబడి తుపుక్కున ఉమ్మేవాడు.

కర్రలు, బొంగరాలు, మంచం కోళ్ళు నాన్న మిషను మీద బాగానే వచ్చేవి. రానిది భరిణె. రెండు కొసలూ ఇరుక్కుని ఉన్న చెక్కలో గుంట ఎలా తీస్తారు? భరిణెకి నోరుండాలి, నోరు తియ్యాలంటే ఒక కొస ఖాళీగా ఉండాలి. అంటే చెక్కని ఒక్క అడుగు మీదే పట్టి నిలబెట్టాలి, ఉలి తగిలినా అది ఊడకూడదు. అదెలా పట్టాలో ఊళ్ళో మావయ్య ఒక్కడికే తెలుసు. ఆయన ఆ పని చేసేటప్పుడు కొట్టంలో గోనె పరదా దించి, దాని వెనక మళ్ళీ వీపు పెట్టేవాడు. నాన్నని ఆ వీపు తినేసింది.

మావయ్య కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించిన రోజున చెడింది. నూకాలమ్మ గుడి నుంచి అందరం వాళ్ళింటికే వచ్చి భోజనాలకి కూర్చున్నాం. గారెలు, గుమ్మడికాయ పులుసు, ఆవ పెట్టిన పనసకాయ కూర. మగవాళ్ళ బంతిలో నాన్న నోరు ఊరుకోలేదు.

"కరెంటు పోతే నువ్వు గోళ్ళు గిల్లుకుంటావు బావా. నా మిషనుకి కాలుంటే సాలు."

మావయ్య పులుసు జుర్రుకుంటూ తలెత్తకుండానే అన్నాడు. "అది మిషనేటి బావా, కుట్టుమిషను. జాకెట్లు కుట్టుకో. ఓ కుంకం బరిణి సేసి సూపించు, అప్పుడు మిషనంటాను."

బంతి అంతా నవ్వింది. వడ్డిస్తున్న అత్త గరిటె గాల్లోనే ఆపి మరీ నవ్వింది. నాన్న విస్తట్లో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

"సేత్తాను. సేసి నీ సేతిలో ఎట్టేదాకా నా పెళ్ళాం నీ గుమ్మం తొక్కదు."

మావయ్య ఏం తక్కువ తిన్నాడు? "గుమ్మం నాది బావా. బరిణి లేకుండా వత్తే నానే గెంటేత్తాను."

అమ్మ అప్పుడు లోపలి గదిలో ఉంది. అమ్మమ్మ నూతి దగ్గర జారిపడి తుంటి విరిగి మంచాన ఉంటే, గారె మెత్తగా నలిపి నోట్లో పెడుతోంది. రోజూ పొద్దున్న వెళ్ళి అమ్మమ్మ జుట్టు దువ్వి, ఒళ్ళు తుడిచి, తినిపించి రావడం అమ్మ పని. ఆ రోజు నాన్న వీధిలోంచి కేకేస్తే ఎంగిలి చేత్తోనే బయటికొచ్చింది. ఏం జరిగిందో ఆమెకి దారిలో నేను చెప్పాను. అమ్మ వెనక్కి తిరిగి ఆ ఇంటి వైపు చూసింది, మళ్ళీ నడిచింది.

ఎంత పౌరుషవంతులో చూడండి. ఒకాయన వెళ్ళకూడదంటాడు, ఇంకొకాయన రాకూడదంటాడు. మధ్యలో మంచాన పడ్డ ముసలావిడ ఒక వీధిలో, ఆమె కూతురు పక్క వీధిలో. ఊరి పెద్దలు కూడా ఇదేదో మగతనం పందెంలాగ చూశారు. గానుగ దగ్గర కూర్చుని, మా నాన్న భరిణె చేస్తాడా చెయ్యడా అని వాదించుకునేవాళ్ళు. ముసలామె తల ఎవరు దువ్వుతున్నారని ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. ఇది రాస్తుంటే కూడా నాకు పళ్ళు పటపటమంటున్నాయి.

నేను ఆడపిల్లనే అయినా చిన్నదాన్ని కదా, నాకు రెండు ఇళ్ళలోనూ అడ్డు లేదు. అమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, గిన్నెలో పోసిచ్చేది. రాంబిల్లి నుంచి చేపల గంప వచ్చిన రోజున ముళ్ళు ఏరిన పులుసు ఇచ్చేది. పట్టుకెళితే అత్త గుమ్మంలోనే లాక్కునేది.

"మా ఇంట్లో తిండి లేదనుకుంటందేటి మీ యమ్మ? సెప్పు, మా అత్తని మేం మాడ్సట్లేదని సెప్పు."

ఆ గిన్నె వంటింట్లో అటక మీదికి పోయేది. సాయంత్రానికి పిల్లికి. నేను ఊరుకుంటానా? అత్త డబ్బాలో దాచుకున్న మాడుగుల హల్వా ఆమె పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా వేలితో లాగి అమ్మమ్మ నోట్లో కొంత, నా నోట్లో కొంత పెట్టేదాన్ని. అమ్మమ్మ పళ్ళులేని నోటితో చప్పరిస్తూ నవ్వేది. హల్వా కరిగిపోతోందని అత్త చీమల్ని తిట్టేది. ఆ దొంగతనానికి నేను ఇప్పటికీ సంతోషిస్తాను.

అమ్మమ్మ మాత్రం వెళ్ళిన ప్రతిసారీ ఒకటే అడిగేది. "మీ యమ్మేదే? రాదేటే? నా మీద కోపమేటే?" అమ్మకి జ్వరమని మావయ్య వాళ్ళు చెప్పారు. నేనూ కొన్నాళ్ళు ఆ మాటే చెప్పాను.

ఇక్కడ నాన్న భరిణె ప్రయత్నాలు ఒకటి తర్వాత ఒకటి తగలడుతున్నాయి. ముందు చెక్క అడుగుకి మేకులు కొట్టి హబ్బుకి బిగించాడు. గుంట అయితే వచ్చింది గాని అడుగున చిల్లులు, కుంకుమ పోస్తే కిందనుంచి జలజలా రాలింది. "ముగ్గు గొట్టం బాగుంది" అన్నాను నేను. వీపు మీద ఒకటి పడింది. తర్వాత జిగురుతో అంటించాడు. ఉలి తగలగానే చెక్క ఎగిరి పెరట్లో కోడిని కొట్టింది. తర్వాత, లక్కపనివాళ్ళు కదా, లక్కతోనే అంటిస్తారని ఆయనకి వెలిగింది. కుంపటి మీద లక్క కరిగించి అంటిస్తే రాయిలాగ పట్టుకుంది. నాన్న మీసం దువ్వి తొక్కడం మొదలెట్టాడు. మోటారు ఒకే వేగంతో తిరుగుతుంది, కాలు అలా కాదు, తొక్కిన ప్రతిసారీ ఒక కుదుపు ఇస్తుంది. నాలుగు కుదుపులకి లక్క పెటుక్కున పగిలి చెక్క వచ్చి ఆయన కనుబొమ్మ చీల్చేసింది.

కాంపౌండరు వచ్చి కుట్లు వేశాడు. అమ్మ పసుపు గుడ్డ పట్టుకుని పక్కన కూర్చుంది. నాన్న నొప్పికంటే ఎక్కువ తిట్లతో మూలిగాడు, అమ్మ పుట్టింటి ఏడు తరాలనీ వరసపెట్టి.

"నువ్వు పెల్లికి ముందు తాడు లాగేవు గదా? మీ నాన్న ఎలా పట్టేవోడో సూడ్లేదా?"

"తాడు లాగేది తాడే సూత్తాది" అంది అమ్మ. గుడ్డ తడిపి మళ్ళీ నుదుటి మీద వేసింది.

ఆ మర్నాడు నాన్న నన్ను గూఢచారిణిగా పంపాడు. మావయ్య కొట్టం తాటాకు గోడ వెనక కర్రల మోపు ఉండేది, దాని సందులో దూరి కూర్చున్నాను. గోనె పరదా, దాని అంచు సందులోంచి వీపు, అంతే కనబడింది. కానీ ముక్కుకి పరదా అడ్డు రాదు కదా. లక్క వాసనతో పాటు గుడ్డ కమిలిన వాసన కూడా వచ్చింది. ఇంకొంచెం ముందుకి వంగేసరికి కర్ర జారింది, మావయ్య బయటికొచ్చి నా జడ దొరకబుచ్చుకున్నాడు.

"దొంగ గుంటా! మీ నాన్న పంపేడేటే? పద!"

జడ పట్టుకునే వీధిదాకా ఈడ్చుకొచ్చాడు. నాన్న షాపులోంచి స్పానరు పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ నడివీధిలో నిలబడి అమ్మనాబూతులు తిట్టుకున్నారు. చెరకు బండ్లు ఆగిపోయాయి. ఆ తిట్ల మధ్య నా జడ మావయ్య చేతిలోనే ఉంది, నేనెక్కడున్నానో ఇద్దరికీ గుర్తులేదు. చివరికి అమ్మ వచ్చి వాళ్ళన్న వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి నన్ను తీసుకుపోయింది.

ఇంటికొచ్చాక నాన్నకి చెప్పాను, గుడ్డ కమిలిన వాసన వచ్చిందని. "బీడీ నిప్పు పంచి మీద పడుంటాది" అని కొట్టిపారేశాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నా వైపు ఒకసారి చూసి, పుల్ల లోపలికి తోసింది.

ఇక నాకు విసుగొచ్చింది. మర్నాడు అమ్మమ్మ మళ్ళీ అదే అడిగితే నిజం చెప్పేశాను. పుట్టువెంట్రుకల రోజు గొడవ, ఆ పంతాలు, నాన్న కనుబొమ్మ, నా జడ, అన్నీ. అమ్మమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆమె జుట్టు అట్టలు కట్టి దిండుకి అంటుకుపోయింది. అత్త తిండికి లోటు చెయ్యలేదు, అది నిజమే, కానీ ఆ జుట్టు జోలికి వెళ్ళేది కాదు.

"బరిణి కోసమా ఇదంతా?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "మీ యమ్మకి సెప్పు, నా తల సిక్కులు పడిపోనాదని. సేతులు ఉట్టినే ఎట్టుకుని కూకోవద్దన్నానని సెప్పు."

నేను వచ్చి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. బియ్యం ఏరుతున్న అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. పెట్టెలోంచి పాత నూలు చీర ఒకటి తీసి పర్రున చింపింది. కుంపటి పట్టుకుని నాన్న మిషను దగ్గరికి నడిచింది. నాన్న అక్కడ ఇంకో కొత్త తంటా ఏదో పడుతున్నాడు.

"లెగు. ఆ మేకులు పీకి, సదునుగా ఓ సెక్కబిల్ల బిగించు" అంది.

నాన్న నోరెళ్ళబెట్టి బిగించాడు. అమ్మ ఆ బిళ్ళ మీద వేడి లక్క పూసింది. దాని మీద చీర గుడ్డ అద్ది, బొటనవేలితో నొక్కింది. గుడ్డ కమిలిన వాసన వచ్చింది. దాని మీద మళ్ళీ లక్క, ఆ పైన అంకుడు ముక్క పెట్టి గట్టిగా అదిమిపట్టి, చల్లారేదాకా అలాగే నిలబడింది. "ఉట్టి లక్కయితే గాజులాగ పగుల్తాది. గుడ్డుంటే నీ కాలి కుదుపు గుడ్డ ఓర్సుకుంటాది."

నాన్న మొహం ఎర్రబడింది. సంతోషించాల్సిన మనిషికి కోపం వచ్చింది. "నీకు తెలుసా? ఇన్నాల్లూ తెలుసా? నా కన్ను పోబోయినా సెప్పలేదు!"

"పెల్లి ముందు ఉలి మీద సెయ్యి ఏయించి ఒట్టెట్టించుకున్నాడు మా నాన్న. ఈ పని అత్తోరింటికి పట్టుకెల్లనని. తాడు లాగిన ఆడపిల్లలందరికీ అదే ఒట్టు." అమ్మ చెయ్యి తీసింది, చెక్క కదల్లేదు. "నీ కన్నుకి తప్పలేదు. మా యమ్మ పిలిచింది, తప్పేను. తొక్కుతావా, నన్ను తొక్కమంటావా?"

నాన్న తొక్కాడు. ఉలి ఆనించాడు, చెక్క ఊడలేదు. లోపల గుంట పడింది, నున్నటి నోరు వచ్చింది. తర్వాత మూత. తిరుగుతున్న భరిణెకి ఎర్ర లక్క కడ్డీ ఆనిస్తే వేడికి కరిగి పట్టుచీరలాగ మెరిసింది. అమ్మ కత్తి మొన గుడ్డలోకి దూర్చి లాగింది. గుడ్డ చీలి భరిణె చేతిలోకి వచ్చింది. అడుగున లక్కలో చీర నేత గళ్ళు అచ్చు దిగి ఉన్నాయి.

"ఇది నున్నగా గీసేసి లక్క పుయ్యాల. గల్లు కనపడకూడదు. ఇలా తే" అంటూ అమ్మ ఉలి కోసం తిరిగింది.

వినేవాడేడీ? నాన్న భరిణె గుప్పిట్లో పట్టుకుని అప్పటికే వీధిలో ఉన్నాడు. "రండ్రా, సూద్దురు రండి!" అని గానుగ దగ్గరివాళ్ళని కేకేస్తూ పరిగెత్తుతున్నాడు. అమ్మ పిలుస్తూ వెనక, నేను ఆమె వెనక.

మావయ్య గుమ్మం ముందు జనం పోగయ్యారు. నాన్న భరిణె ఆయన చేతిలో పెట్టి, చెయ్యి తీసి నడుం మీద పెట్టుకున్నాడు. మావయ్య మూత తీశాడు, పెట్టాడు. లోపల వేలు తిప్పాడు. మొహంలో ఒప్పుకోలు కూడా ఒక్క క్షణం కనబడింది. అప్పుడు తిరగేశాడు. అడుగు చూశాడు. ఆ మొహం మాడిపోవడం నేను కళ్ళారా చూశాను.

"ఎవులు సెప్పేరు నీకు?"

"ఎవులు సెప్పాల? నా బుర్ర" అన్నాడు మా నాన్న, ఛాతీ విరుచుకుని. అమ్మ పక్కనే ఉంది. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చినప్పుడు అమ్మ ఆయన వైపు చూసిన చూపు మీరు చూసుండాల్సింది.

"మా తాతల నాటి గుడ్డ నీ బుర్రలోకెలాగొచ్చింది బావా?" మావయ్య అమ్మ వైపు తిరిగాడు. "ఒట్టు తప్పేవు. మా నాన్న ఉలి మీద ఎట్టిన ఒట్టు. నీకీ ఇంట్లో మంచినీల్లు కూడా లేవు, ఫో!"

అని రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టాడు. భరిణె తెస్తే రానిస్తానన్న మనిషి, భరిణె చేతిలో ఉండగానే. గానుగ దగ్గర అంత వాదించుకున్న పెద్దమనుషులు నేల చూపులు చూశారు. అమ్మ అక్కడే నిలబడిపోయింది. తెగించి ఒట్టు కూడా తప్పింది, అయినా గుమ్మం దాటలేకపోయింది.

అప్పుడు లోపలినుంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. "ఆ బరిణి ఇలా తేండి."

ఎవరూ కదల్లేదు. నేను మావయ్య చేతిలోంచి భరిణె లాక్కుని, ఆయన చంక కింద నుంచి దూరి లోపలికి పరిగెత్తాను. అమ్మమ్మ దాన్ని గుండెల మీద పెట్టుకుని, మూత జోలికి పోకుండా, బొటనవేలితో అడుగు తడిమింది. ఆ గళ్ళ మీద వేలు అటూ ఇటూ తిప్పింది. లోపలి గదిలో మంచం వీధి గుమ్మానికి సూటిగా ఉండేది, ఆమె మాట వీధిలోకి వినబడుతుంది.

"ఒరే, ఇది మీ తాతదీ కాదు, మీ నాన్నదీ కాదు. మా పుట్టింటిది. రావికమతం కాడ మా అయ్య పట్టేవోడు. నాను ఈ ఇంటికొచ్చిన్నాడు ఇక్కడ బరిణిలెక్కడియి? బొంగరాలే."

మావయ్య చేతులు గుమ్మానికే ఉన్నాయి గాని తల వెనక్కి తిరిగింది.

"మీ నాన్నా ఇలాగే పంతాలకి పోయి ఏలు తెగ్గోసుకున్నాడు. నెత్తురు సూడలేక నానే సెప్పేను. నాకూ ఒట్టెట్టించేడు మా అయ్య. నానూ తప్పేను." ఊపిరి తీసుకుంది. "ఒట్టు తప్పినదాని పాలే తాగి పెరిగేవురా నువ్వు. సెయ్యి తియ్యి."

మావయ్య చెయ్యి తియ్యలేదు. "ముసిల్దానికి మతి పోనాది" అన్నాడు జనంతో. ఎవరూ అవునని తలూపలేదు. అమ్మ ఇక ఆగలేదు. భుజంతో ఆయన చేతిని తోసుకుని లోపలికి వచ్చేసింది.

కొబ్బరినూనె తెమ్మంటే తెచ్చిచ్చాను. అమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని, అమ్మమ్మ జుట్టులో చిక్కులు ఒక్కొక్క పాయే విడదీసింది. కొన్ని రాలేదు, కత్తిరించేసింది. అమ్మమ్మ నొప్పికి కళ్ళు చికిలిస్తూ, "నెమ్మదిగా కాదే, గట్టిగా దువ్వు" అంటోంది. ఇద్దరూ ఏడవలేదు, నేనొక్కదాన్నే ఏడ్చాను. బయట మా మగ మహారాజులు మళ్ళీ మొదలెట్టారు. మా ఇంటి పని దొంగిలించేవని మావయ్య. మీ ఇంటిదెక్కడిది, మీ యమ్మ పుట్టింటిదట, వినలేదేటని నాన్న. అమ్మ దువ్వడం పూర్తయి జడ అల్లేదాకా ఆ అరుపులు ఆగలేదు. ఇద్దరిలో ఒక్కడు కూడా లోపలికొచ్చి ఆ ముసలిదాని మొహం చూడలేదు.

ఆ రోజు నుంచి అమ్మ రోజూ వెళ్ళింది, ఎవరినీ అడక్కుండా. మావయ్య పలకరించేవాడు కాదు, అమ్మా పలకరించేది కాదు. ఉగాది ముందు జరిగే కొత్త అమావాస్య జాతర ఇంకా రాకుండానే అమ్మమ్మ పోయింది. పోయేనాటికి ఆమె తల నున్నగా దువ్వి ఉంది. మా అమ్మ గెలిచిందేమైనా ఉంటే అదొక్కటే.

తర్వాత నాన్న ఆ పని మీద పేరు తెచ్చుకున్నాడు. అనకాపల్లి దుకాణాల్లో తన భరిణెలు పెట్టించి, ఈ పట్టు నేనే కనిపెట్టేనని చెప్పుకున్నాడు. మావయ్యేమో చెల్లెలు దొంగిలించి మొగుడికి ఇచ్చిందని పోయేదాకా చెప్పుకున్నాడు. అమ్మమ్మ మాట ఇద్దరూ చెవులారా విన్నవాళ్ళే. ఒక్కరికీ గుర్తులేదు. నా పెళ్ళి కుదిరినప్పుడు, ఒట్టు తప్పినావిడ దయవల్ల బతికిన మా నాన్న, ఉలి తెచ్చి నా ముందు పెట్టాడు. చెయ్యి వెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు. చాలాకాలం నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోతే పోనీ అనుకున్నాను. ఇద్దరూ ఇప్పుడు లేరు. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. నేను అంటాను. వాళ్ళని నేను క్షమించలేదు.

అందుకే ఇది చదివే అందరికీ చెబుతున్నాను. చదునైన చెక్కబిళ్ళ మీద వేడి లక్క పుయ్యండి. పాత నూలు చీర గుడ్డ అద్దండి. దాని మీద మళ్ళీ లక్క, ఆ పైన చెక్క. చల్లారేదాకా చెయ్యి తియ్యకండి. ఆ తర్వాత ఎంత కుదిపినా ఊడదు. ఎవరు నేర్పారని అడిగితే తాడు లాగిన ఆడవాళ్ళని చెప్పండి. అడుగున పడ్డ చీర గళ్ళు మాత్రం గీసెయ్యకండి.